కేస్ షీటులో లేని గడి

పోయిన నెల నెల్లూరులో మా చెల్లెలి ఇంట్లో రెండు రోజులు ఉన్నాను. చెల్లెలి కూతురు నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. పరీక్షలు దగ్గరపడ్డాయని తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, వరండాలో పచార్లు చేస్తూ పైకి చదువుకుంటోంది. పుస్తకం ఇంగ్లీషుదే అయినా విషయం అర్థమవుతూనే ఉంది కనుక పడుకున్నచోటి నుంచే విన్నాను. ఇంద్రియ జ్ఞానం, దాని నిర్వచనం, దాన్ని ప్రభావితం చేసే అంశాలు. కదలిక, దాని నిర్వచనం, దాన్ని ప్రభావితం చేసే అంశాలు. ఆ తరువాత నిద్ర. రోగి నిద్రకు నిశ్శబ్దం ఎంత అవసరమో ఆ పిల్ల రెండోసారి వల్లె వేసేసరికి నాకు పూర్తిగా మెలకువ వచ్చేసింది.

కాఫీ తాగుతూ, "ఈ మూడూ వేరువేరు పాఠాలా అమ్మణ్ణీ?" అని అడిగాను.

"వేరే పెద్దమ్మా. ఒక్కోదాని మీద ఐదు మార్కుల ప్రశ్న వస్తాది. కదలిక మీదైతే పది మార్కులది కూడా రావచ్చు," అన్నది.

ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. పాఠం చెప్పాలంటే దేన్నైనా ముక్కలు చేయక తప్పదని ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన నాకు తెలియనిది కాదు. అయితే కిందటేడు మా అమ్మ పక్కన ఆసుపత్రిలో 11 రాత్రులు గడిపిన తరువాత ఈ మూడింటినీ మూడు పాఠాలుగా వినడం నాకు కష్టంగా ఉంది. చూపు, వినికిడి, స్పర్శ ఒకవైపు, కదలిక ఒకవైపు, నిద్ర ఒకవైపు ఉండవు. ఒకటి చెడితే మిగిలిన రెండూ ఆ వెంటే చెడిపోతాయి. వైద్యం పూర్తయ్యాక తీరిక దొరికితే చేసే ఉపచారంగా వాటిని చూడటం మన ఆసుపత్రుల అలవాటు, మన కుటుంబాల అలవాటు కూడా. జ్వరానికీ, బీపీకీ, మూత్రం కొలతకూ కేస్ షీటులో గళ్ళు ఉన్నాయి. రోగి ఎన్ని గంటలు నిద్రపోయింది, ఎన్నిసార్లు లేచి కూర్చుంది, కళ్ళజోడు పెట్టుకుని ఉందా లేదా అన్నదానికి గడి లేదు. అది పెట్టాలన్నది నా వాదన. వైద్యం చదివినదాన్ని కాను కనుక, ఈ వాదనలో ఎక్కడెక్కడ నాకే అనుమానాలు ఉన్నాయో అవి కూడా చెబుతాను.

బ్యారన్ దగ్గర కాపలా

మా అమ్మకు 78 ఏళ్ళు. కనిగిరి వైపు మెట్ట ఊరు మాది. తెల్లవారుజామున దొడ్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. చెల్లెలు ఉన్నది నెల్లూరు కనుక అక్కడి ఆసుపత్రికే తీసుకువచ్చాము. రెండో రోజు ఆపరేషన్ చేశారు, అది చక్కగా జరిగింది. ఈ వ్యాసంలో ఆ సర్జన్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మూడో రాత్రి ఒంటిగంట దాటాక అమ్మ నన్ను పట్టుకుని గుంజింది. "మంట తగ్గించమని చెప్పండే, ఆకు మాడిపోతా ఉంది," అన్నది. ఆమె పొగాకు బ్యారన్, అంటే పచ్చాకును పొయ్యి వేడితో ఆరబెట్టే గది, దగ్గర ఉన్నాననుకుంటోందని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. నాన్న పోయాక రెండు సీజన్లు ఆమే రాత్రిళ్ళు మంట కాసింది. ఆకు కాలడానికి పట్టే ఆ వారం రోజులూ మంట ఎక్కువ కాకూడదు, ఆరిపోకూడదు, కాపలా ఉన్న మనిషి కన్ను మూయకూడదు. ఇప్పుడు ఆమె చేతికి సెలైన్ ఎక్కించడానికి గుచ్చిన క్యాన్యులాను పీకబోతూ, మంచం దిగబోతూ, పొయ్యి దగ్గరికి పోవాలంటోంది.

మర్నాడు పొద్దున ఫోన్లో అన్నయ్య, "అమ్మకు మతి పోయిందంటనే," అని ఏడ్చాడు. మా పిన్ని తాయెత్తు పంపుతానన్నది. పాతకాలం వాళ్ళు దీన్ని సంధి అనేవాళ్ళు, సంధి ప్రేలాపన అనేవాళ్ళు. డాక్టర్లు డెలీరియం అంటారు. పేరేదైనా, నాకు బుద్ధి వచ్చింది మాత్రం ఆ మర్నాడు కూర్చుని ఆలోచించినప్పుడు. అమ్మ కళ్ళజోడు పోతుందేమోనని ఆపరేషన్ రోజునే తీసి, స్టీలు డబ్బాలో పెట్టి, నా సంచి అడుగున దాచినది నేనే. ఆమెకు ఎడమ చెవి వినబడదు. మంచం కుడివైపు గోడకు ఆనించి వేయడంతో వచ్చినవాళ్ళందరూ ఆమె చెవిటి పక్కనే నిలబడి మాట్లాడుతున్నారు. తలమీద ట్యూబులైటు మూడు రాత్రులుగా ఆరలేదు. గోడ అవతల ఏదో యంత్రం ఆగకుండా గుయ్యిమంటోంది. ఒళ్ళు కొంచెం వెచ్చబడి ఉంది. మసకగా కనబడే పెద్ద వెలుగు, ఎడతెగని హోరు, ఒంటికి వేడి, నిద్రపోనివ్వని రాత్రి. ఇవన్నీ ఒకచోట ఉండగా ఆమె తన జీవితంలో చూసినది బ్యారన్ ఒక్కటే. మతి పోలేదు, అందిన సరుకుతో అర్థం కట్టుకున్నది.

ఇంకొకటి కూడా ఉంది, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మా ఊరి నీళ్ళు తాగి పెరిగిన ఆమె తరంలో చాలామందికి లాగానే అమ్మకూ వెన్ను, మెడ బిగుసుకుపోయి ముందుకు వంగి ఉంటాయి. ఇది మాకు కొత్త కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల ఎముకలకు పట్టే ఈ ఫ్లోరోసిస్‌ను వైద్యులు వర్ణించి 1937లో ప్రకటించినది నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మా ఊళ్ళు నెల్లూరులోనివే. అటువంటి వెన్నుతో వెల్లకిలా పడుకుంటే తల పరుపుకు ఆనదు. ఇంట్లో అమ్మ మూడు దిండ్లు వేసుకుంటుంది. ఆసుపత్రి మంచానికి ఇచ్చేది ఒక్కటి, అదీ పలచటిది. మూడు రాత్రులు ఆమె తల సగం గాలిలోనే ఉంది. అది నాకు కనబడుతూనే ఉంది. ఆపరేషన్ అయిన మనిషిని అలాగే ఉంచాలి కాబోలు, వాళ్ళకు తెలియదా అనుకుని ఊరుకున్నాను. వాళ్ళేమో కూతురు పక్కనే ఉంది, ఇబ్బంది ఉంటే చెబుతుంది కదా అనుకుని ఉంటారు.

ఆ రాత్రి డ్యూటీ డాక్టరు వచ్చి ఇంజెక్షన్ వేయించారు. ఆమె గొట్టాలన్నీ పీకేసుకుంటున్నప్పుడు అది వేయకుండా ఉండవలసిందని నేను అనను. నిజానికి "ఏదో ఒకటి వేసి పడుకోబెట్టండి సార్" అని బతిమాలింది కూడా నేనే. అమ్మ పడుకుంది. మర్నాడంతా పడుకునే ఉంది. గంజి తాగలేదు, పిలిస్తే పలకలేదు, ఒక్క అంగుళం కదలలేదు. సాయంత్రం దుప్పటి మార్చేటప్పుడు ఆయమ్మ చూపించింది, నడుము కింద ఎముక మీద అరచేయంత మేర ఎర్రగా కందిపోయి ఉంది. వేలితో నొక్కి తీసినా ఆ ఎరుపు తెల్లబడలేదు. పుండుకు అదే మొదలట.

మత్తు, నిద్ర ఒకటి కావని నాకు అప్పుడు తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో కూడా ఎన్నోసార్లు పక్కకు ఒత్తిగిలుతుంది. ఎందుకంటే ఒకేచోట బరువు పడితే ఒళ్ళు నొప్పిపెడుతుంది, ఆ నొప్పి మెలకువ రానంత మెల్లగా మనిషిని కదిలిస్తుంది. స్పర్శ కదలికను పుట్టిస్తుంది, ఆ కదలిక నిద్రను కాపాడుతుంది. మత్తులో ఉన్న మనిషికి ఆ మొదటి మెట్టే ఉండదు. పుండ్లు పడే ప్రమాదాన్ని లెక్కగట్టడానికి బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు అమెరికన్ నర్సింగ్ పరిశోధకులు తయారుచేసి 1987లో ప్రకటించిన కొలమానం ఒకటుంది, మా పిల్ల పుస్తకంలో కూడా ఉంది. అందులో ఆరు అంశాలు. మొత్తం మార్కులు 6 నుంచి 23 వరకు. 18కి మించకపోతే ప్రమాదం ఉన్నట్టే. ఆ ఆరింటిలో మొట్టమొదటిది ఇంద్రియ జ్ఞానం. కళ్ళు, చెవులు కాదు, ఒత్తిడి వల్ల కలిగే బాధ తెలుస్తోందా, తెలిస్తే చెప్పగలుగుతున్నదా అన్నది. ఇదే మాట పుండ్ల పాఠంలో ఒక అర్థంతోనూ, ఇంద్రియాల పాఠంలో మరో అర్థంతోనూ వస్తుంది కనుక, పిల్లలు రెండింటినీ విడివిడిగా బట్టీ పట్టి విడివిడిగానే మర్చిపోతున్నారేమో అనిపించింది.

లెక్క రాసిన రాత్రి

ఆరో రాత్రి నాకు నిద్ర పట్టక, పాత అలవాటు కొద్దీ ఒక కాగితం తీసుకుని అమ్మకు మెలకువ వచ్చినప్పుడల్లా టైము, కారణం రాశాను. పదీ ఇరవైకి బీపీ. పదకొండూ నలభైకి ఇంజెక్షన్. పన్నెండున్నరకు ఎదురు మంచానికి కొత్త కేసు, లైట్లన్నీ వేశారు. ఒంటిగంటకు ఆ కొత్త కేసు బంధువుల మాటలు. రెండింటికి మళ్ళీ బీపీ. రెండూ యాభైకి సెలైన్ అయిపోయిందని మెషీను కూత. మూడున్నరకు పక్క మంచం ఆమె మనవడి ఫోను. నాలుగున్నరకు ఫినాయిల్ బకెట్టు, మంచాలు జరిపిన చప్పుడు. ఐదింటికి రక్తం తీయడానికి ల్యాబు అబ్బాయి. ఐదూ నలభైకి కాఫీ ఫ్లాస్కుతో వచ్చే మనిషి కేక. మొత్తం పదిసార్లు. అన్నిటికంటే పెద్ద విరామం గంటా ఇరవై నిమిషాలు. నిద్ర ఒక చుట్టు తిరగడానికి సుమారు 90 నిమిషాలు కావాలంటారు. అంటే ఆ రాత్రి అమ్మకు ఒక్క చుట్టు కూడా పూర్తి కాలేదు.

ఈ పదింటిలో అమ్మ వైద్యానికి తప్పనిసరి అయినవి ఎన్ని అని లెక్కపెడితే నాలుగో ఐదో వస్తాయి. వాటిలో కూడా పదీ ఇరవై బీపీనీ పదకొండూ నలభై ఇంజెక్షన్నూ ఒకేసారి చేసి ఉండవచ్చు. రాత్రి రెండింటి బీపీ ఆ రోజుకు అవసరమా అని డాక్టరును అడిగి ఉండవచ్చు. మిగిలినవి మనం చేసే చప్పుళ్ళే. ఆసుపత్రి వార్డులో రాత్రిపూట సగటున 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మన దేశంలో 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, రాత్రిపూట అక్కడ 40 డెసిబెల్స్ హద్దు. గేటు బయట హారన్ కొట్టరాదని బోర్డు ఉంది కూడా. లోపల అర్ధరాత్రి రీల్స్ చూసేవాళ్ళకు మాత్రం ఏ బోర్డూ లేదు.

నర్సింగ్ విద్యార్థులు దీపాలు పట్టుకుని ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరుమీద ప్రమాణం చేస్తారు. మా పిల్ల చేసినప్పుడు మేమంతా వెళ్ళి ఫోటోలు తీసుకున్నాము. ఆ మహాతల్లి 160 ఏళ్ళ కిందటే రోగి గదిలో చప్పుడు గురించి ఒక అధ్యాయమంతా రాసింది. రోగి ఉన్న గదిలోనే వినీ వినబడనట్టు గుసగుసలాడటం క్రూరమని అందులో కోప్పడుతుంది కూడా. చెవి సరిగా వినబడని మా అమ్మ పక్కన మేము ఆ తప్పు రోజుకు పదిసార్లు చేశాము.

ఇదంతా చెబితే మా పిల్ల ఊరుకోలేదు. "రాత్రిపూట ఇద్దరు సిస్టర్లు, ముప్పై పైన మంచాలు పెద్దమ్మా. ఒక్కొక్కరి దగ్గరా ఎవరు నిద్రపోయినారు, ఎవరు లేదని చూసుకుంటా నిలబడితే మిగతా పని ఎట్టా జరుగుద్ది?" అన్నది. తరువాత ఇంకా గట్టి ప్రశ్న వేసింది. "రెండు గంటలకొకసారి పక్కకు తిప్పమని మీరే అంటారు, రాత్రి లేపొద్దని మళ్ళా మీరే అంటారు. ఏది చెయ్యమంటారు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. తిప్పడం కదలిక పాఠంలో ఉంది, లేపకపోవడం నిద్ర పాఠంలో ఉంది. రెండూ ఒకే మంచం మీద, ఒకే రాత్రి, ఒకే మనిషికి చేయవలసి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఏ పాఠంలోనూ లేదు. తరువాత వెతికితే దొరికిన విషయం ఏమిటంటే, ఇందాక చెప్పిన బెర్గ్‌స్ట్రామ్ బృందమే 2013లో అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో 900 మందికి పైగా వృద్ధుల మీద ఒక పరిశీలన ప్రచురించింది. సాంద్రత ఎక్కువ ఉన్న ఫోమ్ పరుపులు వేసి, కొందరిని రెండు గంటలకు, కొందరిని మూడు గంటలకు, కొందరిని నాలుగు గంటలకు ఒకసారి తిప్పి చూస్తే పుండ్లు పడటంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదట. అయితే అవి మంచి పరుపులు. గుంట పడిన మన రెగ్జిన్ పరుపు మీద ఆ లెక్క నిలబడుతుందని నేను చెప్పలేను. మత్తులో ఉన్న మనిషికి అస్సలు చెప్పలేను. అందుకే మంచం మంచానికీ వేరుగా ఆలోచించాలి. ఆలోచించాలంటే కిందటి రాత్రి ఆ మనిషి ఎంత నిద్రపోయిందో, తనంతట తాను ఎంత కదిలిందో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

"కదలొద్దమ్మా"

ఆసుపత్రినే అంటే సరిపోదు. ఆపరేషన్ మర్నాడు ఫిజియో అబ్బాయి వచ్చి, అమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, వాకర్ పట్టించి నిలబెట్టబోయాడు. తుంటి ఎముక ఆపరేషన్ తరువాత మర్నాడే లేపాలన్నది ఇప్పుడు వైద్యుల మధ్య వివాదం లేని విషయం. అమ్మ నొప్పికి కేక పెట్టింది. అన్నయ్య ఆ పిల్లవాణ్ణి పట్టుకుని, "కట్టు ఊడిపోతే నువ్వు వచ్చి కడతావా అయ్యా, ముసలామెను ఇట్టా హింసపెడతారా?" అన్నాడు. అతను రెండు రోజులు మళ్ళీ మా మంచం వైపు రాలేదు. ఆ రెండు రోజులూ వచ్చిన ప్రతి బంధువూ అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, "కదలొద్దమ్మా, రెస్టు తీసుకో," అని చెప్పి పోయాడు.

రెస్టు అన్న మాట మీద మనకున్న నమ్మకం ఏ దేవుడి మీదా లేదనుకుంటాను. 1966లో అమెరికాలోని డాలస్‌లో అయిదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ళ యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ముప్పై ఏళ్ళ తరువాత ఆ అయిదుగురినే మళ్ళీ పిలిచి పరీక్షిస్తే, ముప్పై ఏళ్ళ వయసు తగ్గించిన దమ్ము కంటే ఆనాటి మూడు వారాల పడక తగ్గించిన దమ్మే ఎక్కువని తేలింది. కుర్రవాళ్ళ సంగతి అది. 2007లో ప్రచురించిన మరో పరిశోధనలో ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్ళను పది రోజులు పడుకోబెడితే ఒక్క కాళ్ళలోనే దాదాపు ఒక కిలో కండ తగ్గిపోయింది. మా అమ్మ కాళ్ళలో మొత్తం ఎన్ని కిలోల కండ ఉందని ఒక కిలో వదులుకోవడానికి?

పగలు కదలని మనిషికి రాత్రి నిద్ర రాదన్నది వేరే చెప్పనక్కరలేదు. పగలంతా కునికి, రాత్రంతా పైకప్పు చూసి, తెల్లవారి "నిద్ర లేదు, మాత్ర ఇవ్వండి" అని మేమే అడిగేవాళ్ళం.

మా పిన్ని చేసిన పని ఒకటి చెప్పి ముందుకు వెళతాను. అమ్మ కాళ్ళు చల్లగా ఉన్నాయని వేడినీళ్ళ బ్యాగు తెచ్చి పాదాల కింద పెట్టింది. అమ్మకు పదిహేనేళ్ళుగా చక్కెర జబ్బు, పాదాలకు స్పర్శ సగం లేదు. రౌండుకు వచ్చిన సిస్టరు దుప్పటి తీసి చూసి బ్యాగు లాగేసింది కనుక సరిపోయింది. చర్మం అప్పటికే ఎర్రబడింది, అమ్మకు మాత్రం ఏమీ తెలియలేదు. ఆ సిస్టరు తిట్టిన తిట్లకు పిన్ని రెండు రోజులు అలిగింది. ఆ తిట్లలో అరగంట పాఠమంత విషయం ఉంది. చేరిన రోజే చెప్పి ఉంటే తిట్టే పని ఉండేది కాదు.

ఏడో రోజు కిటికీ పక్క మంచం ఖాళీ అయితే అమ్మను అక్కడికి మార్చారు. అనుకోకుండా ఆమె కుడి చెవి నడిచే దారి వైపుకు వచ్చింది. కిటికీలోంచి ఒక కానుగ చెట్టు, దాని కింద ఇడ్లీ బండి కనబడేవి. అప్పటికి కళ్ళజోడు సంచిలోంచి బయటికి వచ్చింది, ఇంటి నుంచి దిండ్లు కూడా వచ్చాయి. ఫిజియో అబ్బాయిని చెల్లెలు బతిమాలి మళ్ళీ పిలిపించింది. ఎనిమిదో రోజు సాయంత్రం అమ్మ ఇడ్లీ బండి ఆమె పిండి పలచగా కలుపుతోందని విమర్శ మొదలుపెట్టింది. బ్యారన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

లెక్కలు చెప్పినదాన్ని కనుక ఒక్క ఉదాహరణతో సూత్రం రుజువు కాదని నాకు తెలుసు. ఆ రోజుకే మూత్రంలో ఉన్న ఇన్‌ఫెక్షన్ కూడా మందులకు తగ్గింది, కిటికీ లేకపోయినా ఆమె తేరుకునేదేమో. కిటికీ సంగతి మాత్రం పూర్తిగా నా ఊహ కాదు. రోజర్ ఉల్రిచ్ 1984లో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు పోల్చి చూస్తే, కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్ళు ఇటుక గోడ కనబడినవాళ్ళ కంటే కొంచెం ముందుగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. అంతకంటే నా వాదనకు దగ్గరగా ఉన్నది షారన్ ఇనౌయే బృందం 1999లో ప్రచురించిన పని. 70 ఏళ్ళు, ఆ పైబడిన 852 మంది ఆసుపత్రి రోగులను తీసుకుని, సగం మందికి మామూలు చికిత్సతో పాటు అదనంగా ఆరు విషయాలు చూసుకున్నారు: మతి స్థిమితం, నిద్ర, కదలిక, చూపు, వినికిడి, ఒంట్లో నీరు. నిద్రమాత్రకు బదులు రాత్రి వెచ్చటి పాలు, వీపు మర్దన, మెల్లని సంగీతం. వార్డులో చప్పుడు తగ్గించడం. కళ్ళజోళ్ళు, వినికిడి పరికరాలు దగ్గర పెట్టడం. రోజుకు మూడుసార్లు నడిపించడమో మంచం మీదే కాళ్ళూ చేతులూ ఆడించడమో. మామూలు చికిత్సలో నూటికి 15 మందికి డెలీరియం వస్తే, వీళ్ళలో 9.9 మందికే వచ్చింది. దీంట్లో నాకు చేదుగా అనిపించిన భాగం కూడా దాచను. ఒకసారి వచ్చేశాక దాని తీవ్రతను ఈ పనులు తగ్గించలేకపోయాయి. అంటే కళ్ళజోడు నాలుగో రోజు తీయడం కాదు, మొదటి రోజే పెట్టి ఉండాలి.

గడి పెడితే ఏమవుతుంది

ఇక నా గడి దగ్గరికి వస్తాను. దీనికి గట్టి అభ్యంతరం నేనే కళ్ళారా చూశాను. అమ్మకు ఎర్రబడిన తరువాత మంచానికి ఒక కాగితం తగిలించారు, రెండు గంటలకొకసారి ఏ పక్కకు తిప్పారో రాయడానికి. మర్నాడు ఉదయం ఆరింటికి, డ్యూటీ మారే ముందు, ఒక అమ్మాయి వచ్చి రాత్రి పది నుంచి ఆరు దాకా ఉన్న గళ్ళన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపున నింపేసింది: ఎడమ, వెల్లకిల, కుడి, ఎడమ, వెల్లకిల. నేను చూస్తున్నానని గమనించి తలదించుకుంది. ఆ రాత్రి ఆమె ఒక్క నిమిషం కూర్చోలేదని నాకు తెలుసు, రెండు సీరియస్ కేసులతో పరుగులు తీసింది. కనుక ఆమెను ఏమీ అనలేకపోయాను. "గళ్ళు పెరిగితే పేషెంటు దగ్గర నిలబడే టైము తగ్గుద్ది పెద్దమ్మా," అన్న మా పిల్ల మాటలో నిజం ఉంది.

అయినా గడి కావాలనే అంటాను. అబద్ధపు గడి కూడా ఆ పని చేయవలసిన పనేనని ఒప్పుకుంటుంది. గడి లేనిచోట ఆ మాటే ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది. రాసేది నర్సే కానక్కరలేదు. మన వార్డుల్లో ప్రతి మంచానికీ ఒక కూతురో కోడలో రాత్రంతా కూర్చుని ఉంటుంది. తిప్పడం, తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం నిజానికి చేసేది ఆమే. ఎలా చేయాలో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పరు, ఏం చేసిందో ఎవరూ అడగరు. ఇంటివాళ్ళ మీద ఈ బరువు వేయడం న్యాయమేనా, రేపు దీన్ని సాకుగా చూపి ఉన్న ఇద్దరు సిస్టర్లను ఒకరిని చేయరా అని నాకు భయం లేకపోలేదు. ఆ భయం పూర్తిగా తీరలేదు. అయినా ఆమె ఎలాగూ చేస్తున్న పనిని నేర్పి చేయించడం, రాయించడం, సిస్టరు దాన్ని ఉదయం చదవడం ఇప్పుడున్న స్థితి కంటే మెరుగని నా నమ్మకం.

ఎనిమిదో రాత్రి నేను అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి అమ్మ మంచానికి కట్టాను. "ఎడమ చెవి వినబడదు, కుడివైపు వచ్చి మాట్లాడండి. మెడ వంగదు, మూడు దిండ్లు. కళ్ళజోడు దిండు కింద ఉంది. పాదాలకు స్పర్శ తక్కువ, వేడి పెట్టవద్దు. నిన్న రాత్రి నిద్ర: నాలుగు గంటలు." రాత్రి డ్యూటీ సిస్టరు బీపీ మిషను పట్టుకుని వచ్చి అది చదివింది. ఏమీ అనలేదు. కుడివైపుకు నడిచి వచ్చి, అమ్మ భుజం మీద చెయ్యి వేసి, తరువాత పిలిచింది.

పక్క మంచంలో ఉదయగిరి వైపు ఆమె, కాలి పుండుతో చేరి నాలుగు రాత్రులుగా నిద్ర లేక మూలుగుతూ ఉంది. చెన్నైలో ఉద్యోగం చేసే కూతురు సెలవు పెట్టి వచ్చి చూసుకుంటోంది. నా అట్ట చూసి, "మా అమ్మకు కూడా ఒకటి రాసిపెట్టండక్కా," అని అడిగింది. నేను పెన్ను తీసి, "ఇంట్లో మీ అమ్మ ఏ పక్కకు తిరిగి పడుకుంటుంది?" అని అడిగాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, తెలియదన్నది. ఇంటికి ఫోన్ చేసి నాన్నను అడిగింది. స్పీకర్లో ఆయన గొంతు వినబడింది. "యాడ తెలుసుద్దమ్మా, నేను పడుకున్నాక పడుకునేది, నేను లేచేలోపల లేచేది." నలభై ఏళ్ళ పైబడిన సంసారం వాళ్ళది. ఇంతలో వెనకనుంచి పిల్లవాడి గొంతు వచ్చింది, అబ్బ (నాయనమ్మ) పక్కన పడుకునే పదేళ్ళ మనవడట. "నాకు తెలుసత్తా, అబ్బ ఎడంపక్కకి తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటది."

మేమిద్దరం మంచం వైపు చూశాము. సెలైన్ ఎక్కుతున్న క్యాన్యులా ఆమె ఎడమ చేతికే ఉంది. అట్ట రాయడం ఆపి సిస్టరును పిలిచి చెప్పాము. ఆమె వచ్చి ప్లాస్టర్ మీద రాసిన తేదీ చూసి, "పొద్దున ఎట్టాగూ మార్చాలి, కుడిచేతికి పెడతాలే," అన్నది.